బొటనవేలంత జాగా (మాదిగపల్లె కబుర్లు – 14)

ఈసారి పిల్లల బూట్ల సైజు గురించి రాస్తున్నానంటే మా తమ్ముడు నవ్వాడు. "రిజర్వేషన్లు, భూములు అన్నీ అయిపోయినయ్యా అక్కా, బూట్ల మీద పడ్డావు" అన్నాడు. వాడికి ఇద్దరు పిల్లలు. పెద్దదాని బూటు నంబరెంతరా అని అడిగా. తెల్లమొహం వేశాడు. దాని ఆధార్ నంబరు మాత్రం గడగడా చెప్పాడు.

చెప్పులు కుట్టిన కులం మాది. ఊరందరి కాళ్ళ కొలతలూ తెలిసిన కులం. అట్టాంటి మనకి మన పిల్లల కాలి కొలత తెలియకుండా పోయింది. అది ఎట్టా పోయిందో చెప్పాలంటే మా తాత దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ఊరు. తాత లందలో తోలు ఊనేవాడు. తంగేడు చెక్క కొట్టుకొచ్చి, దంచి, ఆ నీళ్ళలో తోలు నానబెట్టి, తీసి, మళ్ళీ నానబెట్టి. ఆ వాసన మా ఇంటి గోడలకి కూడా ఉండేదని నాయనమ్మ చెప్పేది. ఆరె, రంపె, ఒక చెక్క దిమ్మ, అంతే ఆయన సామాను. ఒక్కో ఆసామి ఇంటికి ఏడాదికి పెద్దాళ్ళకి తలా ఒక జత, పిల్లలకి తలా ఒక జత, మోటకి తొండం, ఎద్దులకి వారులు. అన్నిటికీ కలిపి కళ్ళం దగ్గర మేర. మేర అంటే కూలి కాదు, ధర కాదు. కళ్ళం ఊడ్చాక ఆసామికి బుద్ధిపుట్టినంత.

ఇక కొలత సంగతి. చెప్పు కుట్టాలంటే కాలు కొలవాలి కదా. కాలు కొలవాలంటే ముట్టుకోవాలి కదా. మాదిగోడు ముట్టుకోకూడదు. మరెట్టా? పెద్దాళ్ళయితే పాత చెప్పు వాకిట్లోంచి విసిరేవాళ్ళు. అదే కొలత. పిల్లలతోనే చిక్కు. పిల్లోడి పాత చెప్పు నిరుటి కాలు చెప్తుంది గానీ ఈ ఏటి కాలు చెప్పదు. అందుకని తాత వాన పడ్డ మర్నాడు పోయేవాడట. ఆసాముల పిల్లలు ఆడుకున్న చోట బురదలో అడుగులుంటాయి. ఏ అడుగు ఏ పిల్లోడిదో ఆయనకి తెలుసు. తాటాకు చీలిక పక్కన పెట్టి మడమ నుంచి పొడుగు వేలి దాకా చూసుకుని గోటితో గిల్లేవాడు. వెడల్పుకి ఇంకో గిల్లు. వానలు లేకపోతే దుమ్ములో అడుగు. ఆ చీలికలు ఇంటి చూరులో దోపి ఉండేవి. ఏ చీలిక ఎవరిదో రాసుకోవడానికి ఆయనకి అక్షరం రాదు. ముడులు వేసుకునేవాడు.

తోలు కోసేటప్పుడు ఆ గిల్లు దగ్గర కోసేవాడు కాదు. దాని ముందు తన బొటనవేలు అడ్డంగా పెట్టి, ఆ వేలు దాటాక కోసేవాడు. "కాలు ఆగదు, తోలు ఆగుద్ది. మజ్జలో ఆ మాత్రం జాగా ఇయ్యాల" అనేవాడని మా నాన్న చెప్పాడు.

ఇప్పుడు ఏ పిల్లల డాక్టర్నయినా అడగండి. పొడుగు వేలికీ బూటు కొసకీ మధ్య పెద్దవాళ్ళ బొటనవేలు వెడల్పంత, అంటే ఒక సెంటీమీటరు పైచిలుకు ఖాళీ ఉండాలంటారు. ఆ మాట చెప్పినందుకు ఫీజు కూడా తీసుకుంటారు.

చూరులో మా నాన్న పేరు మీద చీలిక లేదు. మా అత్తలవీ లేవు. మా నాన్న పదో తరగతి పరీక్షలకి ఎనిమిది కిలోమీటర్లు వట్టికాళ్ళతో పోయాడు. చెప్పులు కుట్టేవాడి కొడుక్కి చెప్పులు లేకపోవడం ఏంటని నేను చిన్నప్పుడు అడిగితే ఆయన రెండు కారణాలు చెప్పాడు. ఒకటి, తోలు లెక్క. చచ్చిన గొడ్డు ఎవరిదో, దాని తోలు ఎవరి చెప్పులకి పోవాలో ముందే తీర్మానం. రెండు, ఉన్నా ఏం లాభం? ఆసాముల బజార్లో చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. బడి ఆ బజారు చివర ఉంది.

అందుకే నగరాల్లో ఈ మధ్య "పిల్లల్ని వట్టికాళ్ళతో తిరగనివ్వండి, పాదాలకి మంచిది" అని గొప్ప కొత్త సంగతి కనిపెట్టినట్టు చెప్తుంటే నాకు ఒక పక్క నవ్వొస్తుంది. అందులో నిజం లేకపోలేదు. నడక నేర్చే బిడ్డకి ఇంట్లో బూట్లు అక్కర్లేదు, వట్టికాలితో నేల పట్టు తెలుస్తుంది, పాదం కండ గట్టిపడుతుంది. కానీ అది గచ్చు నేల మీద మాట. మా పల్లె బాట మీద తుమ్మముళ్ళున్నాయి, గాజు పెంకులున్నాయి, బయలుకి పోయే చోట మట్టిలో కొంకిపురుగు పిల్లలున్నాయి. అవి పాదం చర్మంలోంచే లోపలికి దూరతాయి. లోపల పేగుల్లో కూర్చుని రక్తం పీలుస్తాయి. పిల్ల పాలిపోయి ఉంటే "తిండి తినదు" అని తల్లిని తిట్టేవాళ్ళు ముందు కాళ్ళ వంక చూడాలి. వట్టికాళ్ళు ఒకళ్ళకి ఇష్టం, ఇంకొకళ్ళకి శాసనం. రెంటినీ ఒక గాటన కట్టొద్దు.

సరే, అసలు విషయం.

పసిబిడ్డ పాదంలో గట్టి ఎముక తక్కువ, మెత్తటి మృదులాస్థి ఎక్కువ. పెద్దయ్యాక ఒక్కో పాదంలో 26 ఎముకలు తేలతాయి గానీ అవి పూర్తిగా గట్టిపడేసరికి పిల్ల ఇంటరు దాటుతుంది. అందాకా ఆ పాదం మెత్తటి తాటిముంజె. దేంట్లో పెడితే ఆ ఆకారానికి వంగుతుంది. ఇరుకు బూటులో పెడితే వేళ్ళు ముడుచుకుని సర్దుకుంటుంది. నొప్పి అని చెప్పదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మెత్తటి కాలు కాబట్టి చాలామంది పిల్లలకి ఇరుకు తెలియదు. తెలిసినా మన పిల్లలు చెప్పరు, ఎందుకంటే కొత్త బూట్లు అడిగితే ఇంట్లో ఏం గొడవ అవుద్దో వాళ్ళకి తెలుసు.

ఎంత వేగంగా పెరుగుతుంది? మూడేళ్ళలోపు పిల్లలకి రెండు మూడు నెలలకి ఒకసారి చూసుకోవాలి. బడికి పోయే వయసులో ఏడాదికి సుమారు ఒక సైజు. మధ్యలో ఒక ఎండాకాలంలో ఏకబిగిన సాగుతుంది, మళ్ళీ కొన్నాళ్ళు ఊరుకుంటుంది. ఆడపిల్లల పాదం ముందు పెరిగి ముందు ఆగుతుంది, మగపిల్లలది ఆలస్యంగా. కాబట్టి ఏడో తరగతిలో అమ్మాయి బూటు అబ్బాయి బూటు కంటే పెద్దదైతే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మనవాళ్ళు చేసే పని మీకు తెలుసు. రెండేళ్ళు వస్తాయని రెండు సైజులు పెద్దవి కొంటారు. ముందు గుడ్డపీలికలో, పేపరో కుక్కుతారు. నేను ఆరో తరగతిలో హాస్టల్లో చేరిన ఏడు ఎవరో దాత పంద్రాగస్టు కవాతుకని బూట్లిచ్చాడు. మొత్తం రెండే సైజులు. పెద్దది, మరీ పెద్దది. నా బూటులో ఒక దినపత్రిక ఆదివారం సంచిక పట్టింది. కవాతులో కాలు ఎత్తితే బూటు ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది. దాతగారు ఫొటో దిగి వెళ్ళాక మడమలు చూసుకుంటే బొబ్బలు. పెద్ద బూటులో కాలు ముందుకీ వెనక్కీ జారుతుంది, జారకుండా పట్టుకోవడానికి వేళ్ళు కొక్కేల్లా వంగుతాయి. పిల్ల పరుగెత్తడం మానేస్తుంది. ఇరుకు బూటు గోటిని తొక్కితే, వదులు బూటు ఆటని తొక్కుతుంది.

డబ్బు లేక అట్టా కొంటారు, నిజమే. అందుకని ఎంత వదులు పనికొస్తుందో తెలిసుండాలి. బొటనవేలంత. అంతకు మించితే పొదుపు కాదు, పారేసినట్టే. అక్క బూట్లు చెల్లెలికి వేసే సంగతి కూడా ఇంతే. బట్టలు సర్దుకుంటాయి. బూటు లోపలి అట్ట అక్క కాలు ఎక్కడ నొక్కిందో అక్కడ గుంటపడి ఉంటుంది, మడమ ఒక పక్కకి అరిగి ఉంటుంది. చెల్లెలి కాలు ఆ గుంటలో పడి అక్క నడక నడుస్తుంది. వేయక తప్పకపోతే అడుగు సమంగా అరిగినవే వేయండి.

నంబర్ల గొడవ ఇంకోటి. మన దేశంలో వాడే బూటు నంబర్లు ఇంగ్లండు వాళ్ళవి. ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఒక బార్లీ గింజ పొడవట అది. మన చేలల్లో మొలవని గింజతో మన పిల్లల కాళ్ళు కొలుస్తున్నాం. పిల్లల నంబర్లు 13 దాకా పోతాయి, తర్వాత 14 రాదు, మళ్ళీ 1 నుంచి మొదలు. ఒంగోలు కొట్లో ఒకావిడ కొట్టువాడితో పోట్లాడుతుంటే నేను విన్నా. "నిరుడు పదమూడు కొన్నానయ్యా, ఇప్పుడు ఒకటి అంటావేంది, మా వాడేమన్నా కుంచించుకుపోయాడా?" ఆమె ప్రశ్నలో తప్పేం లేదు. ఈ లెక్క కనిపెట్టినవాడి తప్పు. దీనికి తోడు కొన్ని డబ్బాల మీద 32, 33 అని యూరపు నంబర్లుంటాయి. కంపెనీని బట్టి కూడా కొలత మారుతుంది. అందుకని నంబరు మర్చిపోయినా ఫర్వాలేదు, సెంటీమీటర్లు గుర్తుంచుకోండి. పాదం 20 సెంటీమీటర్లుంటే దానికి ఒకటి కలిపి లోపల 21 ఉండే బూటు కావాలి. సుమారుగా అది పిల్లల 13.

పొడుగు ఒక్కటే చాలదు, వెడల్పు ఉంది. చెన్నైలో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా జనం పాదాలని యంత్రాలతో కొలిచారు. మన పాదాలు యూరపు వాళ్ళ పాదాల కంటే వెడల్పని తేలింది. మన కాళ్ళకి మన సైజులుండాలని "భ" అనే కొత్త కొలత తయారుచేశారు. మంచి పని. వెడల్పు చాలక మనోళ్ళు పొడుగు పెద్దది కొనుక్కుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. తాత తాటాకు మీద రెండో గిల్లు దేనికో నాకు ఆ వార్త చదివినప్పుడు బాగా అర్థమైంది.

ఇక బడి సంగతి. ఆంధ్రాలో 2020 అక్టోబరు నుంచి సర్కారు బడి పిల్లలకిచ్చే కిట్టులో ఒక జత నల్ల బూట్లు, రెండు జతల సాక్సులు వస్తున్నాయి. ప్రభుత్వం మారింది, కిట్టు పేరు మారింది, బూట్లు ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. వట్టికాళ్ళతో పరీక్షకి పోయినవాడి మనవరాలు సాక్సు వేసుకుని బడికి పోతోంది. నేను దీన్ని వెటకారం చేసేవాళ్ళ జట్టులో లేను.

కానీ మా పక్కూళ్ళో ఒక బడి ఉంది, పేరొద్దు. మా పెద్దమ్మ మనవరాలు అక్కడ ఏడో తరగతి. ఖోఖోలో జిల్లాకి పోవాల్సిన పిల్ల. నిరుడు ఎండాకాలం తర్వాత ఆట మానేసింది. బూట్ల మడమ తొక్కేసి స్లిప్పర్లలాగా ఈడ్చుకుంటూ పోతోంది. ఆటల సారు "క్రమశిక్షణ లేదు" అని ఎండలో నిలబెట్టాడు. అప్పట్నుంచి డ్రిల్లు ఉన్న రోజు కడుపునొప్పి. వాళ్ళమ్మ మిరపకాయల కూలికి పోయొచ్చి "దీనికి సోమరితనం పట్టింది చెల్లే, పెళ్ళి చేసి పంపిస్తా" అంటోంది. పన్నెండేళ్ళ పిల్లకి! కాళ్ళు చూపించవే అన్నా. చూపించదు. బలవంతాన చూస్తే బొటనవేలి గోరు కండలోకి దిగి చీము పట్టి ఉంది.

దాని పాదం కొలిస్తే ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు. బడిలో ఇచ్చిన బూటు మూడో నంబరు. దాని లోపల ఇరవై నాలుగు కూడా లేదు. బూటు కంటే కాలు పెద్దది. మడమ తొక్కక ఏం చేస్తుంది?

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండాలో పల్లె పిల్లలందరినీ కూర్చోబెట్టాం. 41 మంది. కొలవడం పెద్ద విద్యేం కాదు, మీరూ చెయ్యొచ్చు. సాయంత్రం కొలవాలి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. బడి సాక్సు వేయించాలి. తెల్లకాగితం గోడకి ఆనించి, మడమ గోడకి తగిలేలా పిల్లని నిలబెట్టాలి. కూర్చోబెట్టి కొలిస్తే తక్కువ వస్తుంది, ఒంటి బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది. పెన్సిల్ నిట్టనిలువుగా పట్టి పొడుగు వేలి ముందు గీత. పొడుగు వేలు అంటే బొటనవేలే కానక్కర్లేదు, చాలామందికి రెండో వేలు. రెండు కాళ్ళూ కొలవాలి, తేడా ఉంటుంది, పెద్ద కాలే లెక్క. వేళ్ళ మొదళ్ళ దగ్గర అడ్డంగా ఇంకో గీత. అంతే.

తర్వాత బూటు లోపలి అట్ట బయటికి లాగి దాని మీద పిల్లని నిలబెట్టాం. ఇది అన్నిటికంటే సులువు. కాలు అట్ట దాటి పక్కలకి పొంగుతోందా, ముందు బొటనవేలంత మిగిలిందా, కంటికే కనపడుతుంది. కొట్లో కూడా ఇట్టాగే చూడండి. బయట్నుంచి బూటు కొస నొక్కి చూస్తే పిల్లలు వేళ్ళు ముడుస్తారు, మనకి ఖాళీ ఉన్నట్టే అనిపిస్తుంది.

41 మందిలో సరిపోయినవి 14. ఇరుకు 19. వదులు 8.

లిస్టు పట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి పోయాం, నలుగురు తల్లులం. ఆయన చెడ్డమనిషి కాదు. టీ కూడా తెప్పించాడు. లిస్టు చూసి "ఫ్రీగా ఇచ్చిందే ఎక్కువ కదమ్మా, మళ్ళీ సైజులు కూడానా" అన్నాడు. ఈ మాట మీరందరూ ఎక్కడో ఒకచోట విన్నదే. రేషను బియ్యంలో పురుగుల దగ్గర విన్నాం, హాస్టలు సాంబారు దగ్గర విన్నాం. ఊరి పిల్లలందరూ కాన్వెంటు బస్సెక్కి పోతారు, ఆ బడిలో మిగిలింది మన పిల్లలే. వాళ్ళ కాలికి వచ్చిన బూటు కాదు, వచ్చిన బూటుకి వాళ్ళ కాలు. నేనన్నా, "సార్, మీ అబ్బాయికి సైజు చూడకుండా ఎప్పుడన్నా కొన్నారా?" ఆయన మాట్లాడలేదు. పక్కనే ఉన్న మా వదిన "బూటు రాకపోతే బడికి రాదు సార్, బడికి రాకపోతే పెళ్ళి చేస్తారు" అంది. ఆ మాట పనిచేసింది.

అప్పుడు విషయం బయటపడింది. ఆ బడిలో సైజులు ఎట్టా రాశారంటే, క్లాసులో నిలబెట్టి "నీది ఎంత?" అని అడిగి రాశారు. పిల్లలు తోచింది చెప్పారు. కొందరు పక్కవాడు చెప్పిందే చెప్పారు. మా పిల్ల పెద్ద నంబరు చెప్తే మగపిల్లలు నవ్వుతారని తగ్గించి చెప్పింది. అదీగాక రాసింది చలికాలం, బూట్లొచ్చింది బడి తెరిచాక. ఆర్నెల్లలో కాలు అర సైజు పెరగదా? కాగితం మీద కాలు ఆగింది, నేల మీద ఆగలేదు.

సోమవారం ప్రార్థన గంట తర్వాత బడి ఆవరణలో పట్టాలు పరిచి అందరి బూట్లూ విప్పించి నంబర్ల వారీగా పెట్టించాం. కాళ్ళ కొలత కాగితం పట్టుకుని ఒక్కొక్కరూ వచ్చి తమకి సరిపోయేవి తీసుకోవాలి. బడి మొత్తం పిల్లలు కాబట్టి మార్పులకి వీలు దొరికింది. ఇరుకు బూట్ల వాళ్ళు 19 మందిలో 16 మందికి కుదిరాయి. ఎవరి బూటు ఎవరు వేసుకుంటున్నారు, ఏ పల్లెది ఏ పల్లెకి పోతోందని ఆ పూట ఎవరూ చూసుకోలేదు. అది నేను రాయకుండా ఉండలేను. మాల పిల్ల విప్పిన బూటు యానాది పిల్లోడికి, వాడిది మాదిగ పిల్లకి. ఆటల సారు కూడా చివర్లో వచ్చి లేసులు కట్టాడు.

మిగిలిన ముగ్గురిలో మా పిల్ల ఒకతి. ఐదో నంబరు ఆ బడి మొత్తంలో లేదు. డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు తలా కొంత వేస్తే ఒంగోలు తీసుకుపోయా. ఆడపిల్లల బడి బూట్లలో వెడల్పుగా ఉన్న ఐదు ఏ కొట్లోనూ దొరకలేదు. మూడో కొట్లో అబ్బాయిల బూటు సరిపోయింది. పిల్ల ముఖం మాడ్చుకుంది. "ఇది మగోళ్ళది అత్తా." నడిచి చూడవే అన్నా. నడిచింది. మునివేళ్ళ మీద లేచింది. మడమ జారలేదు, వంగేచోట వంగింది. కొట్టు బయటికి పోయి మెట్ల మీద అటూ ఇటూ ఉరికొచ్చింది. ఇంక విప్పలేదు. పాతవి డబ్బాలో పెట్టించుకుని తెచ్చాం.

గోరు తగ్గడానికి నెల పట్టింది. రోజూ గోరువెచ్చని ఉప్పునీళ్ళు, పీహెచ్‌సీ నర్సమ్మ చేసిన కట్టు. గోళ్ళు గుండ్రంగా లోపలికి కాకుండా అడ్డంగా సమంగా కత్తిరించాలని ఆమే చూపించింది.

ఇప్పుడు ఆ పిల్ల ఖోఖో ఆడుతోంది. జిల్లాకి పోతుందో లేదో ఇంకా తెలియదు. చర్చి వరండాలో చిన్నపిల్లల కాళ్ళు కొలిచే పని మాత్రం తనే చేస్తోంది. నన్ను పెన్సిల్ ముట్టుకోనివ్వదు, నేను వంచి పడతానంట. కొలతల నోటుబుక్కు కూడా దాని దగ్గరే ఉంది. పేరు, తేదీ, ఎడమ, కుడి, వెడల్పు. దసరా సెలవుల్లో రెండో కొలత. పక్క పల్లెల వాళ్ళు ఎవరైనా చూసి నేర్చుకుంటామంటే రండి, సాయంత్రం నాలుగు తర్వాత. పిల్లల సాక్సులు మర్చిపోకుండా తెచ్చుకోండి.